కోడలు పెట్టిన వంక

నిచ్చెన మీంచి పడ్డవాడికి ముందు దొరికేది కట్టు, ఆ తర్వాత దొరికేది తీరిక. బోర్డుల పెయింటరుని ఈ రెండోదే ఎక్కువ బాధపెట్టింది. చీలమండకు కట్టు కట్టి, కాలు ఎత్తు మీద పెట్టుకుని కదలకుండా కూర్చోమన్నాడు డాక్టరు. కూర్చోవడం అనే పని ఆ పెద్దాయనకు బొత్తిగా చేతకాదు. పగలంతా కూర్చున్న ఒంటికి రాత్రి నిద్రెలా పడుతుంది? ఇంకా తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. పక్కన భార్య హాయిగా గురక పెడుతోంది. ఆవిడని చూసి కాసేపు కుళ్ళుకుని, గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ, లైటు వెలుగుతున్న వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"కాలు లాగుతోందా మావయ్యగారూ?" అంది కోడలు, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే.

"కాలు కాదమ్మా, తీరిక లాగుతోంది" అన్నాడాయన.

కోడలు నవ్వింది. ఆమె సిటీ బస్సు డ్రైవరు. పొద్దున మొదటి ట్రిప్పు ఆమెదే. అప్పటికే యూనిఫాం చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. రాత్రి నానబెట్టిన ఓట్స్‌ని నీళ్ళతో సహా మందపాటి గిన్నెలో వేసి, సన్నటి సెగ మీద కలుపుతోంది. గరిటె గిన్నె అడుగుని వదలడం లేదు. అంచు వెంబడి ఒక చుట్టు, మధ్యలోంచి అడ్డంగా ఒక గీత, మళ్ళీ అంచు వెంబడి. ఆ చేతివాటం చూస్తుంటే పెద్దాయనకు ముచ్చటేసింది. రంగు డబ్బా కలపడం చేతకాక గడ్డలు కట్టించిన శిష్యులు ఆయనకు ఎందరో గుర్తొచ్చారు. గిన్నెలోంచి చిన్న చిన్న బుడగలు లేచాక ఆమె చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర వేసి, పాలు సన్నటి ధారగా పోసింది. బూడిదరంగులో ఉన్నది కాస్తా చూస్తుండగానే వెన్నరంగుకి తిరిగింది.

తర్వాత పళ్ళు. పిడుగుకి ఆపిల్, తొక్క తీసి, గింజంత ముక్కలు. పిడుగంటే ఆ ఇంటి మనవరాలు. గిన్నెలో ఎక్కడైనా తొక్క కనిపించిందా, ఇక ఆ పూటకి ఇల్లు ఇల్లులా ఉండదు. మొగుడికి అరటిపండు, చక్రాల్లా. అత్తగారికి పళ్ళు కదులుతున్నాయి కనక బాగా పండిన బొప్పాయి. మామగారికి దానిమ్మ. గింజలు ఒలుస్తుంటే ఎర్రటి చుక్క ఒకటి ఎగిరి ఆమె చొక్కా మీద పడబోయింది. ఒడుపుగా పక్కకి తప్పుకుంది. పెద్దాయన నోరు తెరుచుకుని చూశాడు. ఇంతకాలం దానిమ్మ గింజలు వాటంతటవే ఒలుచుకుని తన గిన్నెలోకి దూకుతున్నాయన్నట్టే తింటూ వచ్చాడు మరి.

నాలుగు గిన్నెలు వరసగా పెట్టి, వాటి మీద నాలుగు మూతలు పెట్టింది.

"ఎంగిలిపడ్డావా అమ్మాయ్?" అన్నాడు పెద్దాయన. రోజూ మంచం మీంచి కేకేసి అడిగే మాటే అది. ఏదో ఇంత నోట్లో వేసుకుని వెళ్తోందా లేదా అని ఆయన బెంగ.

"ఆ, పడ్డాను మావయ్యగారూ" అంది కోడలు. రోజూ చెప్పే జవాబే.

కానీ ఇవాళ ఆయన మంచం మీద లేడు, ఎదురుగా ఉన్నాడు. ఆమె ఎప్పుడు ఎంగిలిపడిందో కళ్ళారా చూశాడు. తీపి సరిపోయిందా లేదా అని గరిటె చివరనుంచి ఎడం అరచేతిలోకి ఒక్క చుక్క వేసుకుని నాకింది. అంతే. అబద్ధం కాదు. నూటికి నూరుపాళ్ళు ఎంగిలిపడింది.

ఆయన ఇంకో ముక్క మాట్లాడేలోపే ఆమె బూట్ల లేసులు కట్టుకుంటోంది. కట్టుకుంటూనే, పిడుగు ఆపిల్‌లో మిగిలిన గింజల చుట్టూ ఉన్న కండని పళ్ళతో గీకి, మిగతాది చెత్తబుట్టలో పడేసి, నీళ్ళు తాగి, "వస్తాను మావయ్యగారూ, కాలు దించకండి" అని వెళ్ళిపోయింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేది తనే అయినప్పుడు ఏ బంతిలో కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పెద్దాయన ఆ నాలుగు మూతలనీ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాడు. ఇంట్లో ఉన్నది ఐదుగురు.

మిగతావాళ్ళు లేచి గిన్నెల ముందు కూర్చున్నాక ఆయన పంచాయితీ పెట్టాడు.

"అమ్మాయి పొద్దున ఏం తింటుంది?"

"మనం తినేదే తింటుంది. తనకి వేరే వండుకుంటుందా?" అంది భార్య, బొప్పాయి ముక్క బుగ్గన పెట్టుకుని.

"ఎప్పుడు తింటుంది?"

"మీరు అడుగుతారుగా రోజూ. తిన్నానంటుందిగా."

కొడుకు అరటిచక్రాలు నములుతూ, "డిపోలో క్యాంటీనుంది నాన్నా" అన్నాడు. అతను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. మనుషుల లోపల ఏముందో అందరికంటే ముందు చూసేది అతనే. దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా?

అప్పుడు పిడుగు చెంచా పైకెత్తి తీర్పు చెప్పింది. "అమ్మ తినదు తాతయ్యా. అమ్మ గరిటె నాకుతుంది."

"నీకెలా తెలుసే?"

"నేను దుప్పట్లోంచి చూస్తా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదు" అంది పిడుగు, ఆపిల్ ముక్క కోసం గిన్నెలో వెతుక్కుంటూ.

పెద్దాయన దానిమ్మ గింజల గిన్నెను పక్కకి జరిపేశాడు. కొడుకు కూడా చెంచా కింద పెట్టి గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఉన్న కాస్త అనుమానమూ సాయంత్రం తీరింది. కోడలితో పాటు ఆమె బస్సు కండక్టరు కూడా టీకి వచ్చింది. వీధి చివర నుంచే గొంతు వినిపించే మనిషి. పిడుగు ఆమెను విజిలత్త అని పిలుస్తుంది. కోడలు బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళగానే పెద్దాయన గొంతు తగ్గించి అడిగాడు. విజిలత్తకు గొంతు తగ్గించడం రాదు.

"మీ కోడలా? మొదటి ట్రిప్పు టీ మీద నడుపుతుంది బాబాయిగారూ, రెండో ట్రిప్పు నా మాటల మీద నడుపుతుంది. మధ్యాహ్నం డబ్బా విప్పేదాకా అంతే. క్యాంటీన్లో తినవే అంటే, ఇంట్లో తిన్నానంటుంది. మొన్న సిగ్నల్ దగ్గర చేతులు వణుకుతుంటే నా దగ్గరున్న చక్కెర బిళ్ళ నోట్లో కుక్కాను."

రేపు పొద్దున తనే వండి, వేడివేడిగా కోడలి చేతిలో గిన్నె పెట్టాలని పెద్దాయన అప్పటికప్పుడే నిర్ణయించేసుకున్నాడు. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే భార్య నవ్వుతుందని భయం.

చెప్పి ఉంటే బాగుండేది. మర్నాడు కోడలికంటే ముందే లేచి, గెంతుకుంటూ వెళ్ళి పొయ్యి వెలిగించాడు. నానబెట్టిన ఓట్స్ మూత కింద ఉన్నాయని ఆయనకు తెలియదు. పాలు పొంగుతుండగా డబ్బాలోని పొడి ఓట్స్ గుప్పిళ్ళతో కుమ్మరించాడు. కలుపుదామంటే గరిటె ఎక్కడో కనపడలేదు. అది దొరికేసరికి గిన్నెలో గోలీకాయలంత గడ్డలు తేలుతున్నాయి. వాటిని చిదమబోతే కింద అడుగంటింది. జావ చేద్దామనుకున్నది గోడలకు పెట్టే లప్పంలా తయారైంది. గోడలకైతే నిజంగానే పనికొచ్చేది.

వెనక అలికిడైంది. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. జడ సగం వేసుకుని, మాడు వాసనకి పరుగెత్తుకొచ్చింది.

"ఏం లేదమ్మా, ఇవాళ నేనే చేద్దామని..." అంటూ పెద్దాయన గరిటె వెనక్కి దాచుకున్నాడు.

ఆమె మొహం చిన్నబోయింది. "నిన్న బాగా కుదరలేదా మావయ్యగారూ?" అంది.

"అబ్బే, అది కాదు..."

"మొన్న కూడా కాస్త పల్చగా అయింది. నాకే అనిపించింది." మాట్లాడుతూనే ఆయన చేతిలోంచి గరిటె తీసుకుంది. మాడిన గిన్నెను పక్కన పెట్టి, నానినవి వేరే గిన్నెలో పోసి, పొయ్యి మీద పెట్టింది. ఆయన ఏదో చెప్పబోతే, "మీరు కూర్చోండి, కాలు వాస్తుంది" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. పళ్ళు ఎప్పటిలాగే కోసింది, నాలుగు గిన్నెలకీ ఎప్పటిలాగే మూతలు పెట్టింది. ఆ హడావుడిలో అరచేతిలో వేసుకునే ఆ చుక్క కూడా ఇవాళ వేసుకోలేదు. ఆలస్యమైందని దాదాపు పరుగెత్తుతూ వెళ్ళింది.

పెద్దాయనకు నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. భార్య లేచి వంటింట్లోకి వచ్చేసరికి ఆయన మాడిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని గోకుతూ కూర్చుని ఉన్నాడు. సంగతంతా విన్నాక ఆవిడ నవ్వలేదు.

"మీరు బోర్డు రాస్తున్నారనుకోండి. నేనొచ్చి చెప్పాపెట్టకుండా మీ కుంచె లాక్కుని రాయడం మొదలుపెట్టాను. మీరేమనుకుంటారు?"

"నా అక్షరం బాగాలేదనుకుంటాను."

"మరి? వంటింట్లో మామగారు గరిటె పట్టుకుంటే కోడలికి ఇంకో అర్థం తోస్తుందా?"

ఆయన తలపట్టుకున్నాడు. "తినమనే కదే చెప్పబోయాను. అసలు ఎందుకు తినదు? ఎవరైనా వద్దన్నారా?"

ఆవిడ పైటచెంగుతో గిన్నె అంచు తుడిచింది. "నేనే అన్నాను" అంది చివరికి. "కాపురానికొచ్చిన కొత్తలో. పెద్దవాళ్ళు తిన్నాక తినాలమ్మా అని, మాటవరసకి. మా అత్తగారు నాకు చెప్పింది, నేను దానికి చెప్పాను. అప్పటికి ఈ ఉద్యోగం లేదు. ఇప్పుడది వెళ్ళిపోయాక మనం లేస్తున్నాం. మనం తినేదెప్పుడు, అది తినేదెప్పుడు?"

"చెప్పి మర్చిపోయావన్నమాట."

"చెప్పినవాళ్ళకేం, మర్చిపోతారు. విన్నవాళ్ళకే గుర్తుంటుంది" అని ఆవిడ గిన్నె లాక్కుంది. "ఇలా రండి. వండాలని ఉంటే నేర్చుకుని వండండి. ఇల్లు తగలబెట్టకండి."

ఆ రోజు వంటింట్లో బడి నడిచింది. చదువుకునేది పెద్దాయన, పాఠం చెప్పేది భార్య, తప్పులు ఎంచేది పిడుగు. ఓట్స్ నానితే గడ్డ కట్టవని, నీళ్ళలోనే ముప్పాతిక ఉడకాలని, పాలు చివర్లో పొయ్యాలని, గరిటె అడుగు వదలకూడదని భార్య చెప్పింది. చెప్పింది చెప్పినట్టు విన్నాడంటే కాలికట్టు మహిమే. మధ్యమధ్యలో, "ఇది మొదటి పూతలాంటిదన్నమాట", "ఇదేమో టర్పెంటైను కలిపినట్టన్నమాట" అని తన భాషలోకి మార్చుకుంటూ ఉంటే, "టర్పెంటైను మాట తెస్తే తినను" అని పిడుగు హెచ్చరించింది. రెండోసారికి గడ్డలు పోయాయి. మూడోసారికి వెన్నరంగు వచ్చింది. గరిటె ఎత్తితే జారీ జారనట్టు జారింది. పెద్దాయనకు ఏనుగెక్కినంత సంబరమైంది.

వండడం వచ్చింది సరే, అసలు పని మిగిలే ఉంది. సాయంత్రం కోడలు వచ్చి బూట్లు విప్పుతుంటే ఆయన ఎదురుగా నిలబడ్డాడు, ఒంటికాలి మీద.

"అమ్మా, పొద్దున నీ వంటకి వంక పెట్టడానికి కాదు నేను వంటింట్లోకి వచ్చింది. నీ చేతి జావ తినీ తినీ మాకు నోరు పాడైపోయింది, ఇంకెవరి చేతిదీ ఎక్కదు. నీకు వండిపెట్టాలని వచ్చాను."

"నాకా?" అంది కోడలు.

"ఎంగిలిపడ్డావా అని అడుగుతూ వచ్చాను, నువ్వు పడ్డానంటూ వచ్చావు. నా ప్రశ్నే తప్పు. ఇప్పుడు సరిగ్గా అడుగుతున్నాను. నీకే పండు ఇష్టం?"

కోడలు గోడకి ఆనుకుంది. "ఏదైనా ఫర్వాలేదు మావయ్యగారూ" అంది.

"'ఏదైనా' అనే పండు నేనెప్పుడూ చూడలేదమ్మా. బజార్లో అమ్ముతారా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు తగ్గాక నిజంగానే ఆలోచించింది. ఆపిల్ అంటే పిడుగుది. అరటిపండు మొగుడిది. బొప్పాయి అత్తగారిది, దానిమ్మ మామగారిది. పండు పేరు తలుచుకుంటే మనిషి మొహమే కనపడుతోంది గానీ రుచి గుర్తుకు రావడం లేదు. "రేపు చెప్తాను మావయ్యగారూ" అంది, పరీక్షలో జవాబు రాని పిల్లలాగా.

పెద్దాయన ఆమెను తొందరపెట్టలేదు. అక్షరాలు రాసే మనిషికి తడి ఆరేదాకా ఆగడం తెలుసు. మర్నాడు పొద్దున ఆయన వంటింట్లోకి కూడా రాలేదు. ఆమె ఎప్పటిలాగే వండి వెళ్ళింది, కాకపోతే మొగుడు లేచొచ్చి పళ్ళు కోసిచ్చాడు. ఎక్స్‌రేలంత పల్చగా కోశాడు.

పదకొండు దాటాక పెద్దాయన కర్ర పట్టుకుని, డాక్టరు చూడకుండా వీధి చివరి దాకా వెళ్ళి, బస్‌స్టాపు ఎదురుగా రంగుల దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. ఎండ బాగుంది. తను రాసిన బోర్డులు రెండు కనపడుతున్నాయి, వాటిలో ఒకదాంట్లో తలకట్టు కాస్త వంకరగా ఉందని ఇప్పుడు తెలిసింది. ఇంతలో కోడలి బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. డ్రైవరు కిటికీ అద్దం సర్రున పక్కకి జరిగింది.

"మావయ్యగారూ" అని పిలిచింది కోడలు.

ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు.

"పుల్లటివి" అంది ఆమె. మొహమంతా వెలిగిపోతోంది. "పుల్లగా ఉండేవి ఏవైనా. నారింజ. అనాస. పళ్ళు జివ్వుమనాలి. మూడో స్టాపులో గుర్తొచ్చింది, మీకు చెప్పేదాకా మనసాగలేదు."

బస్సులో కిటికీల పక్క కూర్చున్నవాళ్ళందరూ తొంగిచూశారు. డ్రైవరమ్మ బండి ఆపి ఒక కుంటి ముసలాయనకు నారింజపళ్ళ సంగతి ఎందుకు చెబుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. విజిలత్త ఈల వేసింది. బస్సు కదిలింది. పెద్దాయన కర్ర పైకెత్తి ఊపాడు, అది నేల మీద ఉంటేనే తను నిలబడగలడన్న సంగతి మర్చిపోయి. పడబోయి మళ్ళీ మెట్ల మీదే కూలబడ్డాడు. నవ్వుకుంటూ కూలబడ్డాడు.

అక్కణ్ణుంచి నేరుగా పళ్ళబండి దగ్గరికి వెళ్ళాడు.

"పుల్లటి నారింజలు కావాలమ్మా."

పళ్ళావిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "మా బండి మీద పుల్లటివి ఉండవు. అన్నీ తేనెలే."

"నాకు తేనె వద్దమ్మా, పులుపు కావాలి."

"నా బేరం చెడగొట్టడానికి వచ్చారా ఏంటి? తిని చూడండి, పుల్లగా ఉంటే నన్నడగండి."

ఆయన తిన్నాడు. తీపి. ఇంకోటి తిన్నాడు. అదీ తీపే. నిట్టూర్చి, "పాపం, పుల్లటివి లేవన్నమాట" అని కర్ర తిప్పుకుని కదిలాడు. నాలుగడుగులు వేశాక వెనక నుంచి చిన్న గొంతు వినపడింది.

"ఉన్నాయి. కాస్త మెల్లిగా మాట్లాడండి" అంటూ పళ్ళావిడ బండి కింద గోనెసంచి విప్పింది. "నిన్నటి నుంచి వీటిని ఎవరికి అంటగట్టాలా అని చూస్తున్నాను." ఒక తొన ఒలిచి ఇచ్చింది. పెద్దాయన నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుపోయాయి, భుజాలు చెవుల దాకా లేచాయి, కాలినొప్పి కూడా ఒక్క క్షణం మాయమైంది.

"ఇవే" అన్నాడు. "ఇలాంటి అనాస కూడా ఉంటే ఇవ్వండి."

మధ్యాహ్నం ఒకసారి చేసి చూద్దామని పొయ్యి వెలిగించాడు. జావ బ్రహ్మాండంగా కుదిరింది. పైన పాలు పోశాడు, వేడి మీదే నారింజ తొనలు, అనాస ముక్కలు దండిగా వేసి ఒక్కసారి కలిపాడు. గిన్నెలో చిన్న చిన్న తెల్లటి తునకలు తేలాయి. కింద పసుపుపచ్చటి నీళ్ళు ఊరాయి. భార్య తొంగిచూసి, కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది.

"పాలు విరిగాయి మహానుభావా. మరుగుతున్న పాలలో పులుపు వేస్తారా ఎవరైనా?"

పెద్దాయన విరిగిన గిన్నె వంక దిగులుగా చూశాడు. కాసేపటికి ఆయన మొహం విచ్చుకుంది. "ఓసి, ఇదా. మొదటి పూత ఆరకుండా రెండో పూత వేశాను. అంతేగా? ఆరనిచ్చి వేస్తే సరి."

"ఆరనివ్వడం కాదు, చల్లారనివ్వడం."

"నీ భాషలో అలాగంటారు" అన్నాడాయన.

విరిగినదాన్ని పారెయ్యడం ఇష్టంలేక భార్యాభర్తలిద్దరూ పంచుకు తిన్నారు. మరీ అంత చెడ్డగా లేదని ఒప్పుకున్నారు కూడా.

ఆ మర్నాడు తెల్లవారకముందే వంటింట్లో లైటు వెలిగించింది పెద్దాయనే. కోడలికి ముందురోజే చెప్పాడు కనక ఆమె గుమ్మం దగ్గరే ఆగింది. లోపలికి రావాలో వద్దో తెలియక తలుపు పట్టుకుని నిలబడి, ఆయన గరిటె తిప్పే తీరు చూసింది. అంచు వెంబడి ఒక చుట్టు, మధ్యలోంచి అడ్డంగా ఒక గీత. ఆమె చేతులు రెండుసార్లు ముందుకు లేచాయి, రెండుసార్లూ తనే వెనక్కి లాక్కుంది.

పాలు పోశాడు. పొయ్యి ఆపాడు. ఒక గిన్నెలోకి తీసి, కిటికీలో పెట్టి, చల్లారేదాకా దాని పక్కనే కాపలా కాశాడు. తర్వాత నారింజ తొనలు ఒలిచి, పైపొర కూడా తీసి, గింజలు ఏరి, పైన అక్షరాలు పేర్చినట్టు పేర్చాడు. మధ్యలో అనాస ముక్కలు. గిన్నెను బల్ల మీద పెట్టి కుర్చీ లాగాడు.

"కూర్చో అమ్మా."

"మీరు తినకుండా నేనా మావయ్యగారూ? మీరు కూడా కూర్చోండి."

"డ్రైవరు ఎక్కకముందే ప్యాసింజర్లు ఎక్కి ఏం చేస్తారమ్మా?"

"ప్యాసింజర్లు ఎక్కాకే బండి తీస్తామండీ" అంది కోడలు. నిలబడే అంది.

గోడ గడియారం నడుస్తోంది. గిన్నె అలాగే ఉంది. ఆయన కూర్చోడు, ఆమె కూర్చోదు. ఇంకాసేపు ఇలాగే మర్యాదలు నడిస్తే ఆమె ఖాళీ కడుపుతోనే వెళ్తుంది, ఇన్ని రోజుల తతంగమూ గంగపాలవుతుంది.

అప్పుడు వెనక నుంచి భార్య వచ్చింది. జుట్టు ముడి వేసుకుంటూ, నిద్రకళ్ళతో. ఎప్పుడు లేచిందో ఏమో. వచ్చి కోడలి భుజాల మీద రెండు చేతులూ వేసి కుర్చీలోకి నొక్కింది.

"కూర్చో. ఈయనగారు వండింది ముందుగా ఎవరో ఒకరు తిని బతికి చూపించాలి. నేను పెద్దదాన్ని, నాకు ధైర్యం చాలదు." తర్వాత గొంతు మార్చి, మెల్లిగా అంది. "ముందు తినాలమ్మా. పని మీద బయటికి వెళ్ళేవాళ్ళు ముందు తినాలి. అప్పుడు నీకు తప్పు చెప్పాను."

కోడలు అత్తగారి మొహంలోకి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి జారనివ్వలేదు. చెంచా తీసుకుంది.

పెద్దాయన ఎదురుగా నిలబడ్డాడు. మొదటి చెంచా లోపలికి వెళ్ళింది. నారింజ తొన పంటి కింద చితికినట్టుంది, ఆమె ఒక కన్ను మూసుకుంది. రెండో చెంచా.

"ఎలా ఉంది?"

"బాగుంది మావయ్యగారూ."

ఆయన మొహం వాడిపోయింది. ఆ 'బాగుంది' ఆయనకు బాగా తెలుసు. మాడినా బాగుంది, చల్లారినా బాగుంది, ఎవరేం పెట్టినా బాగుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆమె దేనికీ వంక పెట్టగా ఆయన వినలేదు. కోడలు ఎంత మంచిదో అని అందరికీ చెప్పుకున్నాడు కూడా. చుట్టం మాట అది. నాలుగు రోజులుండి వెళ్ళిపోయేవాళ్ళు పెట్టింది తిని అనే మాట. ఇన్నేళ్ళూ ఆమెను చుట్టంలాగే ఉంచేశామా అని ఆయనకు బాధేసింది. తినడమైతే తింటోంది, అదే పదివేలు అని సర్దిచెప్పుకుని, జావ వండిన గిన్నె తోముదామని అటు తిరిగాడు.

చెంచా చప్పుడు ఆగింది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కోడలు గిన్నెలోకి చూస్తోంది. పెదవి కొరుక్కుంది. అత్తగారి వంక ఒకసారి, గడియారం వంక ఒకసారి చూసింది. తర్వాత తలెత్తి, కాలు మీద కాలు వేసుకుని, హాయిగా వెనక్కి వాలింది.

"మావయ్యగారూ, పళ్ళు అదిరిపోయాయి. కానీ జావ చప్పగా ఉంది. ఇందులో ఉప్పే వెయ్యలేదు మీరు."

పెద్దాయన నాలుక్కరుచుకున్నాడు. నిజమే, వెయ్యలేదు. తర్వాత ఆయన మొహమంతా నవ్వు పరుచుకుంది. జీవితంలో తన అక్షరాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, ఏ మెప్పూ ఆయన్ని ఇంత సంతోషపెట్టలేదు.

"వెయ్యలేదమ్మా, వెయ్యలేదు. ఇంకా ఏం తక్కువైందో చెప్పు."

"ముక్కలు కూడా మరీ పెద్దవి. నోట్లో పట్టట్లేదు" అంది కోడలు, ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంటూ. "ముందా ఉప్పు ఇలా ఇవ్వండి."

పెద్దాయన గెంతుకుంటూ అలమర దగ్గరికి వెళ్ళాడు. ఒక డబ్బా మూత తీశాడు, చక్కెర. ఇంకోటి తీశాడు, టీపొడి. భార్య లేవబోతే చేత్తో వద్దని ఆపేశాడు.

"పై అరలో, ఎడం పక్క" అని చెప్పింది కోడలు, కుర్చీలోంచి లేవకుండానే.